చెరువు గట్టు పిల్లల కోసం మెట్టకు

మా వైపు వాళ్ళు వేసవి సెలవులకి తిరుపతి వెళ్తారు, అన్నవరం వెళ్తారు. కాస్త డబ్బున్నవాళ్ళు ఊటీ వెళ్ళొచ్చి, ఎండలో చెమటలు కక్కుతూ స్వెట్టర్లు చూపిస్తారు. జంగారెడ్డిగూడెం వెళ్ళొచ్చానని చెప్పినవాళ్ళు మాత్రం నాకు ఇంతవరకూ తగల్లేదు. అదీ మా పశ్చిమ గోదావరి జిల్లాలోదే, ఒక్క పూట ప్రయాణం. అయినా యాభై రెండేళ్ళు వచ్చేదాకా నాకూ ఆ మెట్ట గాలి తెలియలేదు. మొన్న వేసవిలో రెండు రోజులు వెళ్ళొచ్చాను. చూడ్డానికి వెళ్ళలేదు. పిల్లల్ని తెచ్చుకోవడానికి వెళ్ళాను.

నేను నరసాపురానికీ భీమవరానికీ మధ్య ఒక చిన్న ఊళ్ళో ప్రాథమిక పాఠశాల టీచర్ని. పాఠం చెప్పేదీ నేనే, గంట కొట్టేదీ నేనే. చేరిన కొత్తలో గది చాలక పిల్లలు అరుగు మీద కూర్చునేవారు. ఇప్పుడు ఆరుగురు మిగిలారు. ఒకప్పుడు ఇద్దరు చాలని ఆపరేషన్లు చేయించుకున్నారు, తర్వాతివాళ్ళు ఒక్కరు చాలనుకున్నారు. వరిచేలు చేపల చెరువులయ్యాక కూలిపని తగ్గి కొందరు హైదరాబాదు వెళ్ళిపోయారు. కొందరు తల్లులు కువైట్ వెళ్తూ పిల్లల్ని నరసాపురంలో చెల్లెళ్ళకి అప్పగించారు. మిగిలినవాళ్ళని పొద్దున్నే పసుపుపచ్చ వ్యాను వచ్చి కాన్వెంటుకి ఎక్కించుకుపోతుంది.

పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. జూన్లో బడి తెరిచేసరికి పదిమంది లేకపోతే పక్క ఊరి బడిలో కలిపేస్తారట. పక్క ఊరంటే పెద్ద కాలవ అవతల, వంతెన చుట్టూ తిరిగి రెండు మైళ్ళు. నా దగ్గరున్న ఆరుగురూ వ్యానుకి కట్టలేనివాళ్ళ పిల్లలు. బడి మూతపడితే వాళ్ళు కాలవ దాటరు, గేదెల వెంట పోతారు. మూతపడనివ్వకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

మా ఊరి చుట్టూ ఉన్న చెరువుల గట్ల మీద తలా ఒక పాక ఉంటుంది, పాకలో కాపలాకి ఒక జంట. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉంటేనే పనిలో పెట్టుకుంటారు. ఒంటి మగాడైతే పొద్దువాలగానే ఊళ్ళోకి జారుకుంటాడని యజమానుల భయం. పిల్లల్ని మాత్రం రానివ్వరు. ఈ జంటలు ఎక్కువమంది మెట్ట నుంచి వచ్చినవాళ్ళు. పదేళ్ళుగా ఆ గట్ల మీదుగానే బడికి నడుస్తున్నా, వాళ్ళకీ పిల్లలుంటారని నాకు తట్టలేదు. మా ఊరివాళ్ళు కాదు కదా అనుకున్నాను.

సెలవులకి ముందు మంగ అనే కాపలా ఆమె కొత్త గౌను పట్టుకుని బడికొచ్చింది. "మీకాడ ఏడేళ్ళ పిల్లుంటే ఓసారి నిలబెడతారాండీ? మా పిల్ల ఇప్పుడు ఎంతుందో నాకు తెల్దండి" అంది. రెండో తరగతి పిల్లని నిలబెట్టాను. మంగ గౌను దాని భుజాలకి ఆనించి చూసి, ఇంకో అంగుళం కింద కుట్టు విప్పితే సరిపోతుందేమో అని తనలో తనే లెక్క వేసుకుంది. అడిగితే తెలిసింది: మూడు జంటలు, ఒకే ఊరు, ముగ్గురివీ కలిపి ఆరుగురు పిల్లలు. వాళ్ళు కాపలా ఉండే చెరువులన్నీ భీమవరంలో ఉండే ఒక రాజుగారివే.

భీమవరం

రాజుల ఇళ్ళల్లో ముందు విస్తరి, తర్వాతే మాట. పది గంటలకే వెళ్ళినా, "భోంచేసి గానీ మాటలొద్దండి" అని కూర్చోబెట్టేశారు. రొయ్యల వేపుడు, కొరమీను పులుసు, గడ్డపెరుగు. వద్దన్నకొద్దీ వడ్డించారు. అంత తిన్నాక గొడవపడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఎదటివాళ్ళ నోరు మూయించడానికే ఈ మర్యాద కనిపెట్టారేమోనని అనుమానం కూడా వచ్చింది.

"పిల్లలా? కుదరదండి టీచరు గారూ. ఇంకేదన్నా అడగండి. బల్లలు కావాలా, సున్నాలెయ్యించాలా, రేపే పంపిత్తాను" అన్నారు రాజుగారు.

"బల్లలున్నాయండి. కూర్చోడానికి పిల్లలే లేరు."

ఆయన గొంతు తగ్గించి, "మూడేళ్ళ కిందట పక్కోళ్ళ చెరువులో మీ ఊరి పాప పడిపోయిందండి. నీళ్ళలోకి నేనే దిగాను" అన్నారు. తర్వాత ఏమైందో చెప్పలేదు. ఆ రోజు ఆ గట్టు మీద నేనూ ఉన్నాను, చెప్పాల్సిన పని లేదు.

బడి అయ్యాక తల్లులు వచ్చేదాకా పిల్లలు మా ఇంట్లోనే ఉంటారన్నాను. "మరి పొద్దున్నే? మరి ఆదివారాలు?" అన్నారు. అప్పుడు వంటింటి గడపలోంచి ఆయన భార్య అందుకున్నారు. "షెడ్డు నిండా పాత వలలు పడున్నాయి కదండీ. పాక చుట్టూ నిలువెత్తున కట్టించెయ్యండి. చేపని ఆపే వల పిల్లల్ని ఆపదా ఏంటి?"

రాజుగారు నా వైపు చూశారు. "వలలు నావి. పూచీ మీది" అన్నారు.

"ఆయ్, నాదే" అన్నాను. వాకిలి దాటాక గానీ ఆ మాట బరువు తెలియలేదు.

తాడేపల్లిగూడెం దాటాక

బస్సు తాడేపల్లిగూడెం దాటాక నేల ఎర్రబడింది. మా వైపు రోడ్డు పక్కన కాలవ లేకపోతే దారి తప్పామేమోననిపిస్తుంది. ఇక్కడ ఎంతదూరం చూసినా కాలవ లేదు. మా ఊళ్ళో ఇద్దరు రైతులు కలిస్తే "కాలవకి నీళ్ళొదిలారా?" అని పలకరించుకుంటారు. బస్సులో ఇద్దరు రైతులు కలుసుకుని "కరెంటొచ్చిందా?" అనుకున్నారు. బోరు నీళ్ళ సేద్యం మరి, కరెంటుంటేనే పంట.

నా పక్క సీట్లో వీరమ్మ అని ఒకావిడ ఒళ్ళో గంపతో కూర్చుంది. గంపలో ఎర్రగా నిగనిగలాడే జీడిమామిడి పళ్ళు. రూపాయికి మూడు. ధరంతా గింజకేనట, పండు పారబోయలేక అమ్ముతోందట. జీడిపప్పు తినడమే గానీ దాని పండు ఎప్పుడూ తినలేదు. ఆత్రంగా కొరికేశాను. రసం జాకెట్టు మీదుగా కారి తెల్ల చీరంతా పాకింది, గొంతులో దురద మొదలైంది. నేను దగ్గుతుంటే వీరమ్మకి ఒకటే నవ్వు.

"అలా కొరికేత్తారేంటమ్మా, ఉప్పద్దుకోవాలి. మీ డెల్టావోళ్ళకి అన్నీ తొందరే."

ఆ మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. చీర ఇప్పుడు దిండు గలేబు అయింది.

నేను ఎందుకు వెళ్తున్నానో విని వీరమ్మ నవ్వు ఆపేసింది. "మా అల్లుడూ మీ చెరువుల మీదే ఉన్నాడమ్మా, ఆకివీడు దగ్గర. అక్కడ చేప తినీ తినీ నున్నగా అయ్యాడు గానీ, పండగొచ్చినా మాటాడ్డు. కొడుకు కొత్తమనిషిని చూసినట్టు చూత్తే ఆడికి మాత్రం ఏం మాటొస్తది?" అంది. దిగేటప్పుడు ఉప్పు పొట్లం నా చేతిలో పెట్టి వెళ్ళింది.

జంగారెడ్డిగూడెం

మధ్యాహ్నం బస్టాండు ఎదురుగా ఒక మెస్సులో తిన్నాను. పన్నెండు రూపాయలకి కడుపునిండా భోజనం: మామిడికాయ పప్పు, గోంగూర, మజ్జిగ. చేప లేదా అని అడిగితే యజమాని నన్ను ఎగాదిగా చూసి, "కిందనుంచొచ్చారాండి?" అన్నాడు. వాళ్ళకి మేం కిందవాళ్ళం, అక్కడున్న రెండు రోజులూ నా పేరు అదే.

ఆయన మాటకారి. చెయ్యి కడుక్కుంటుంటే వీధి వైపు చూపించి, "ఈ బస్టాండులో దిగేవోళ్ళని చూడండి, అందరూ ఎకరాలు కొనడానికి దిగుతారు. ఎక్కేవోళ్ళు కూలికెళ్ళడానికి ఎక్కుతారు. ఇద్దరూ నా దగ్గరే తింటారు లెండి" అని నవ్వాడు. కింద ఒక ఎకరం చెరువుకిచ్చి, ఆ డబ్బుతో ఇక్కడ నాలుగైదు ఎకరాలు కొని పామాయిల్ వేసినవాళ్ళు మా వైపు చాలామంది. ఆ చెట్ల వల్ల పనిపోయినవాళ్ళు మా గట్ల మీదికొచ్చారు. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు పన్నెండు రూపాయల భోజనం పట్టింది.

పామాయిల్ తోటల మధ్య

ఆటో దిగి తోటల్లోంచి నడిచి వెళ్ళాలి. పగలే చీకటిగా ఉంది, మనిషి అలికిడి లేదు. ఊరు చేరేసరికి మంగ అత్తగారు సుబ్బమ్మ గడపలోనే కాళ్ళకి నీళ్ళిచ్చింది. ఒక్కటంటే ఒక్క చెంబు. మా ఊళ్ళో అయితే బిందె కుమ్మరిస్తారు. రెండో చెంబు అడగబోయి, అడుగంటిన వాళ్ళ నీళ్ళ తొట్టి చూసి ఊరుకున్నాను.

తల్లులు ముగ్గురూ కలిపి పంపిన ఎండు రొయ్యల సంచీ విప్పాను. మంగ కూతురు దుర్గ గబుక్కున ముక్కు దగ్గర పెట్టుకుని, "అమ్మ ఇట్టాగే వాసనొత్తాది" అంది. సుబ్బమ్మ ఆ రొయ్యలు చింతచిగురులో వేసి వండింది. రొయ్యలు మా ఊరివి, చిగురు వాళ్ళది. నేను మూడుసార్లు వడ్డించుకున్నాను, సిగ్గుపడలేదు.

"పొగాకున్నప్పుడు ఆకు కొయ్యడం, కర్రలకి కట్టడం, బేరన్ గదిలో మంట వేడికి ఆరబెట్టడం, ఇంటిల్లిపాదికీ పనేనమ్మా. ఈ చెట్లకి మనుషులక్కర్లేదు, నీళ్ళుంటే చాలు" అంది సుబ్బమ్మ.

కబురు తెలిసి ఊరి బడి మాస్టారు సత్యానందం గారు వచ్చారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. డెల్టా నుంచి ఒక టీచరు తన ఊరు చూడ్డానికొచ్చిందని సంబరపడి, కొబ్బరిబొండం కూడా తెచ్చారు. బొండం తాగుతూనే నేను వచ్చిన పని చెప్పాను. ఆయన మొహం మారిపోయింది.

"అంటే మా పిల్లల్ని తీసుకుపోడానికొచ్చారాండీ?" అన్నారు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి చూపించారు. నాకొచ్చిన కాగితమే, అవే అక్షరాలు. "నా దగ్గర పదకొండుమందండి. ఆరుగుర్ని మీరు తీసికెళ్తే నాకు ఐదుగురు."

ఇంత దూరం వస్తూ నా బడి గురించే ఆలోచించాను. అవతల ఇంకో బడి ఉంటుందని ఆలోచించలేదు. సిగ్గేసింది. సిగ్గేసినా వెనక్కి తగ్గాలనిపించలేదు, అదీ చెప్పాలి. సుబ్బమ్మ అరుగు మీదే ఇద్దరం బేరం మొదలుపెట్టాం. ఒక్కర్ని తీసికెళ్ళండన్నారు ఆయన. ఒక్కరైతే నాకు ఏడేనన్నాను, నలుగురైనా కావాలన్నాను. నలుగురైతే నాకు ఏడేనన్నారు. పెద్దవాళ్ళని వదలండి అంటే చిన్నవాళ్ళని వదలండి అనుకున్నాం.

సుబ్బమ్మ చేటతో సహా బయటికొచ్చింది. "ఏంటయ్యా ఆ బేరం? ఆళ్ళు పిల్లలా, సంతలో కోడిపిల్లలా? తల్లి కాడికెల్తారో, ఇక్కడుంటారో ఆళ్ళని అడగండి ముందు!"

ఇద్దరు పంతుళ్ళం తలలు దించుకున్నాం.

దుర్గని అడిగాను. "రాత్రి అమ్మ పక్కన పడుకోవచ్చా?" అంది. అవునన్నాను. వెంటనే తమ్ముడి చొక్కాలు మడతపెట్టడానికి లోపలికి పోయింది. రెండో ఇంటి నాయనమ్మ కాసేపు ఏడ్చి, ఇద్దర్నీ పంపుతానంది. మూడో ఇంట్లో తాత ఒప్పుకోలేదు. వలల సంగతి చెప్పాను, రాజుగారి మాట చెప్పాను, నా పూచీ అన్నాను. ఆయన చుట్ట ఆర్పి నెమ్మదిగా చెప్పాడు.

"నేనూ చెరువు కాపలా చేశానమ్మా. తెల్లారుజామున మంచు పడితే ఆ గట్టు ఎట్టా జారుద్దో నాకు తెలుసు. నువ్వు మంచిదానివే. నా మనవలు మాత్రం రారు."

రెండు గంటలు కూర్చుని వాదించాను. బతిమాలాను, కొంచెం కసిరాను కూడా. ఆయన కదల్లేదు. లేచి విసురుగా వచ్చేశాను. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు, అందుకే అంత కోపమొచ్చింది. అయితే నలుగురు వస్తున్నారు. నాకు పదిమంది అయ్యారు. సత్యానందం గారికి ఏడుగురు మిగిలారు. ఆయన ఆ సాయంత్రమే అరుగు మీద కూర్చుని, ముత్యాల్లాంటి దస్తూరితో నలుగురికీ టీసీలు రాసిచ్చారు. నన్ను రెండు మాటలన్నా బాగుండేది.

పొగాకు బేరన్

మర్నాడు పొద్దున నన్నూ పిల్లల్నీ ఆటో దాకా సాగనంపడానికి ఆయన వచ్చారు. తోట చివర పాత పొగాకు బేరన్ ఒకటుంది, ఇటుకలతో కట్టిన ఎత్తయిన గది. పొగాకు పోయి ఏళ్ళయినా దాంట్లోంచి పొగ వస్తోంది. దగ్గరికెళ్తే అది పొయ్యి పొగ. ముందు నేలమీద పిల్లలు టైరు దొర్లించుకుంటున్నారు.

"వీళ్ళెవరండీ?"

"ఒరిస్సావాళ్ళండి. పామాయిల్ గెలలు కొయ్యడానికొచ్చారు. రెండేళ్ళైంది."

"పిల్లలు బడికి రారా?"

"వాళ్ళు మన ఊరివాళ్ళు కాదు కదండీ. ఇవాళుంటారు, రేపు పోతారు. తెలుగు ముక్క రాదు" అన్నారాయన, మామూలుగా.

నేను అక్కడే ఆగిపోయాను. నా మాట నాకే వినపడింది. పదేళ్ళు గట్టు మీద నడుస్తూ నేను అనుకున్న మాటే అది. ఆయన మీద కోపం రాలేదంటే అబద్ధం. నా మీద రావాల్సింది కూడా ఆయన మీదే పోశాను.

"రెండేళ్ళుగా ఇక్కడే ఉన్నారు. మీ బడి మూతపడుతుందని నిన్న నాతో అంత బేరమాడారు. తోట చివరే ఇంతమంది పిల్లలుంటే లెక్కలోకే రాలేదా మాస్టారూ? నన్ను చూడండి, నేను పదేళ్ళు గుడ్డిదాన్నయ్యాను. మీరింకా రెండేళ్ళే. రండి!"

రానన్నారు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళినంత పనిచేశాను. బేరన్‌లోంచి ఒకామె కంగారుగా వచ్చి, మేమెవరో తెలియకపోయినా ముందు గోనెపట్టా పరిచింది. గిన్నెలో మరమరాలు పోసి, ఉల్లిపాయ ముక్కలూ పచ్చిమిరపకాయా కలిపి ఇచ్చింది. మా వైపు మరమరాలు సరదా తిండి, వాళ్ళకి అది పొద్దుటి భోజనమట. నిలబడే తిన్నాం. ఆమె భర్తకి కాస్త తెలుగొచ్చు. బడి అనగానే ఫీజెంత అన్నాడు. లేదన్నాను. అనుమానంగా చూశాడు.

"మాది ఈ ఊరు కాదు" అన్నాడు.

"రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు?"

"ఇక్కడే."

"అయితే పిల్లలదీ ఈ బడే" అన్నాను.

అతను సత్యానందం గారి వైపు చూశాడు. ఆయన మరమరాల గిన్నెలోకి చూస్తూ, "చూద్దాం లెండి" అన్నారు. ఆటో వచ్చింది. ఆయన చూస్తారని నాకు అంత నమ్మకం కలగలేదు.

మళ్ళీ గట్టు మీదికి

తాడేపల్లిగూడెం దాటి కాలవ కనపడగానే నలుగురు పిల్లలూ కిటికీకి అతుక్కుపోయారు. "ఇన్ని నీళ్ళు ఎవరియ్యి?" అన్నాడు దుర్గ తమ్ముడు. తాత చెప్పిన జారే గట్టు కళ్ళముందుకొచ్చింది. అప్పుడే వెనక్కి తిప్పేద్దామా అని కూడా అనిపించింది. దుర్గ నా కొంగు పట్టుకుని నిద్రపోతోంది. తిప్పలేదు.

రాజుగారు తానే దగ్గరుండి పిల్లలొచ్చిన రెండు పాకల చుట్టూ వలలు కట్టించారు. ప్రతి గుంజనీ పట్టుకుని ఊపి చూశారు. కాలు జారకుండా గట్టు మీద కంకర కూడా పోయించారు, అది నేను అడక్కుండానే. మూడో పాకలో ఆమె నా ఎదురుగా వచ్చి నిలబడింది. "మావోళ్ళు రాలేదాండి?" అంది.

"మీ మామయ్యగారు ఒప్పుకోలేదమ్మా. గట్టు జారుతుందని భయపడ్డారు."

ఆ సాయంత్రం చూస్తే, మిగిలిపోయిన వల ముక్క అడిగి తెచ్చుకుని తన పాక చుట్టూ కూడా కట్టుకుంటోంది. నేను రెండో కొస పట్టుకున్నాను. గుంజలు అయిపోతే తెడ్డు పాతాం.

జూన్లో పై అధికారి వచ్చి తలలు లెక్కపెట్టారు. నమ్మకం కుదరక మరోసారి లెక్కపెట్టి సంతకం చేసి వెళ్ళారు. పదిమంది. బడి ఉంది. ఆదివారాలు నేను రెండు పూటలా గట్టు చుట్టి వస్తున్నాను. మోకాళ్ళు నొప్పులని ఇంట్లోవాళ్ళు గొణుగుతారు, గొణగనీ.

ఆ నెలాఖరున నాకొక పోస్టుకార్డు వచ్చింది. అదే దస్తూరి.

"టీచరు గారికి నమస్కారం. బేరన్ నుంచి ఏడుగురు వచ్చి కూర్చున్నారు. రోజూ నాకంటే ముందే వస్తున్నారు. నేను చెప్పేది వాళ్ళకి తెలియదు, వాళ్ళు చెప్పేది నాకు తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు. సలహా చెప్పగలరు. సత్యానందం."

ఆ పూటే జవాబు రాసి, గంట కొట్టడం కూడా మరిచిపోయి, పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.

"మాస్టారూ, భాష రాకపోయినా వాళ్ళకి పేర్లుంటాయి కదండీ. ముందు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి హాజరు వేయండి."